పట్టేసింది బ్రేకు, తిట్లు తిన్నది కొడుకు



ఈసారి టమోటా రేటు గురించి కాదు, బోరు గురించి కాదు, నా పాత కారు బ్రేకు గురించి రాస్తా ఉండాను. ఎందుకంటే ఇప్పుడు మన ఊళ్లల్లో ఇంటికొకటి కాకపోయినా వీధికి రెండు పాత కార్లు ఉన్నాయి. మారుతీలు, ఓమ్నీలు, ఇండికాలు. నారు తెచ్చుకోవాలన్నా, మందు బస్తాలు వేసుకోవాలన్నా, రాత్రిపూట ఆస్పత్రికి పోవాలన్నా అవే దిక్కు. కొత్త కారుకు షోరూము వాళ్లు ఉంటారు. పాత కారుకు మనమే ఉండాలి. నేను చేసిన తప్పు మీరు చేయకూడదని రాస్తున్నా. కొంచెం పొడుగైనా చివరిదాకా చదవండి.

2023 జూలైలో మన మదనపల్లె మార్కెట్లో టమోటా కిలో రూ.200 దగ్గరికి పోయింది కదా, ఆ నెలను మనలో ఎవరం మరిచిపోము. ఆ టయానికి నాకు ఎకరా తోట కాపు మీద ఉండింది. అదృష్టం అంతే, తెలివి ఏమీ లేదు. అంతకు ముందు రెండేళ్లు అదే టమోటాను రోడ్డు పక్కన పారబోసినోణ్ణే నేను. ఆ డబ్బులో అప్పులు కట్టగా మిగిలినదాంతో 2006 మోడల్ మారుతి 800 కొన్నాను. ఆ బండి 1983లో మొదలై 2014లో కంపెనీ ఆపేసింది. కంపెనీ ఆపింది గానీ మన రోడ్ల మీద ఇంకా ఆగలేదు.

బండి బాగానే ఉండింది. లీటరుకు పదిహేడు, పద్దెనిమిది కిలోమీటర్లు ఇచ్చేది. నాకు లెక్కలు రాసే అలవాటు ఉంది. కూలీల లెక్క రాసే నోటుబుక్కులోనే వెనక పేజీల్లో పెట్రోలు లెక్క కూడా రాస్తాను. పోయినేడు ఎండాకాలంలో చూస్తే ఆ లెక్క పద్నాలుగుకు దిగింది. తర్వాత పన్నెండున్నర.

అప్పుడు బండి ఎక్కువగా నడుపుతా ఉన్నది మా చిన్నోడు. పొద్దున్నే మార్కెట్టుకు పోయి రావడం, పుంగనూరులో మందుల అంగడికి పోవడం, అన్నీ వాడే. నేను ఒక్క నిమిషం ఆలోచించలేదు. "బ్రేకు మీద కాలు పెట్టుకొనే తోలతా ఉండావు, లేదంటే స్నేహితుల్ని ఎక్కించుకొని యాడాడో తిరగతా ఉండావు" అని నలుగురిలో అనేసినాను. ఆ నలుగురిలో వాడికి పిల్లనిచ్చేదానికి చూడ్డానికి వచ్చినాయన కూడా ఉండాడని నాకు తర్వాత తెలిసింది. వాడు తిరిగి ఒక్క మాట అనలేదు. బండి తాళం తెచ్చి దేవుడి గూట్లో పెట్టేసినాడు. ఆ రోజు నుంచి మదనపల్లెకు పోవాలంటే బస్సుకు పోతా వచ్చినాడు. నాకు కాఫీ ఇచ్చేది కూడా వాళ్లమ్మే.

ఇక బండి నేను తోలడం మొదలుపెట్టినాను. అయినా మైలేజి పెరగలేదు. అప్పుడన్నా నాకు బుద్ధి రావాల్సింది. రాలేదు. "పాడు చేసి ఇచ్చినాడు" అనుకున్నాను.

ఇంకో గుర్తు కూడా కళ్ల ముందే ఉండింది. మా వాకిలి కొంచెం వాలుగా ఉంటుంది. కొన్న కొత్తలో హ్యాండ్ బ్రేక్ దించితే చాలు, బండి దానంతట అదే మెల్లగా కదిలేది. టైరుకు రాయి పెట్టకుండా ఉండలేకపోయేవాళ్లం. పోయినేడు మాత్రం ఊరంతా తిరిగొచ్చి వాకిట్లో నిలిపితే రాయి లేకపోయినా కదలకుండా నిలబడేది. నేను దాన్ని మంచిదే అనుకున్నాను! ఎద్దు లేవలేకుండా పడుంటే, సాధువైంది అని సంబరపడినట్టు.

ఒకరోజు పుంగనూరు సంతలో ఒకాయన "అన్నా, నీ ఎడమ చక్రం దగ్గర కమురు వాసన వస్తా ఉంది" అన్నాడు. షాపుకు తీసుకపోయినాను. ఆ పిల్లోడు బ్రేక్ ప్యాడ్లు అరిగినాయని రెండు వైపులా మార్చినాడు. విప్పి చూపించినాడు, ఎడమవైపు ప్యాడ్లు కుడివైపు కంటే బాగా సన్నబడి ఉన్నాయి. ఎందుకు ఒక్క పక్కే అరిగినాయని అతను చెప్పలేదు, నేను అడగలేదు. డబ్బులిచ్చి వచ్చేసినాను.

ఇప్పుడు అసలు సంగతి.

మా పాపను కుప్పం దగ్గర ఇచ్చినాము. ఏడో నెలలో సీమంతం చేసి పుట్టింటికి తీసుకొని వచ్చేదానికి నేనూ, మా ఇంటామె పోయినాము. పోయేటప్పుడు పలమనేరు, వి.కోట మీదుగా ఏ ఇబ్బందీ లేదు. వచ్చేటప్పుడు పాప వెనక సీట్లో, వాళ్లమ్మ ఒళ్లో తల పెట్టుకొని పడుకొని ఉంది. డిక్కీ నిండా పళ్లు, చీరలు, సారె సామాన్లు. వి.కోట ఇంకా రాకముందే బండి బరువెక్కింది. యాక్సిలరేటర్ తొక్కతా ఉంటేనే పోతుంది, వదిలితే ఎవరో వెనక నుంచి పట్టి లాగినట్టు ఆగుతుంది. స్టీరింగు ఎడమకు లాగతా ఉంది. మా ఇంటామె "ఏందయ్యా, యాడో రబ్బరు కాలతా ఉంది" అనింది. "ఎవరో చేన్లో టైరు కాలుస్తా ఉంటారులే" అన్నాను.

ఒక పల్లం వచ్చింది. ముందర పాల వ్యాను పోతా ఉంది. బ్రేకు తొక్కినాను. కాలు మామూలుగా ఆగే చోట ఆగలేదు, మెత్తగా కిందికి పోయింది. దూది మీద కాలు పెట్టినట్టు. మళ్లీ రెండు మూడు సార్లు గబగబా తొక్కితే కొంచెం దొరికింది. గేరు మూడు నుంచి రెండుకు వేసి, హ్యాండ్ బ్రేకు కొద్దికొద్దిగా పైకి లాగతా, ఒక చింత చెట్టు కిందికి బండిని తెచ్చి నిలిపినాను. దిగి చూస్తే ఎడమ ముందు చక్రంలో నుంచి సన్నగా పొగ. పాప లేచి "ఏమైంది నాయనా?" అని అడిగింది. "ఏం లేదమ్మా, ఇంజను వేడెక్కింది" అని అబద్ధం చెప్పినాను. నా చేతులు వణకడం అది చూసిందేమో, ఇంకేమీ అడగలేదు.

ముప్పావు గంట అక్కడే కూర్చున్నాము. చక్రం చల్లారినాక బండి తోస్తే ఏమీ ఎరగనట్టు జారింది. బ్రేకు కూడా మామూలుగా దొరికింది. ఆ బండిలోనే నిదానంగా ఇంటికి వచ్చినాము. అది రెండో తప్పు. ఆ పొద్దు ఆటోనో, వేరే కారో మాట్లాడుకొని పాపను పంపించి ఉండాల్సింది. చల్లారినాక బాగైంది అంటే జబ్బు పోయిందని కాదు. మీకెవరికన్నా ఇట్ల జరిగితే నా మాదిరి ధైర్యం చేయొద్దు.

తర్వాత మదనపల్లెలో ఇంకో షాపులో చూపించినాను. క్యాలిపర్ పట్టేసిందన్నారు. విప్పి కొత్త రబ్బర్లు వేసినారు. మూడు వేల పైన అయింది. ఊళ్లో తిరిగితే బాగానే ఉండింది. వారం తర్వాత పుంగనూరుకు పోయి వస్తే మళ్లీ అదే వాసన.

చివరికి పుంగనూరులో ఒక పెద్దాయన దగ్గరికి పోయినాను. డెబ్బై దాటినాయి. లారీల మీద నలభై ఏళ్లు పని చేసిన మెకానిక్కు, ఇప్పుడు ఇంటి ముందర రేకుల షెడ్డులో చిన్న చిన్న పనులు చేస్తా ఉండాడు. అందరూ భాయ్ అంటారు. నేను కథంతా చెప్పినాను. కొడుకు సంగతి కూడా నోరు జారింది. అంతా విని ఆయన అడిగినాడు:

"సామీ, ఏమేమి మార్చినారో చెప్పినావు. ఎందుకు పట్టుకుంటా ఉందో బండిని ఎవరన్నా అడిగినారా?"

బండిని అడిగేది ఎట్లనో ఆ రోజు నేర్చుకున్నాను. వరసగా చెప్తాను.

మొదట ఏ చక్రమో తేల్చాలి. బండిని ఐదారు కిలోమీటర్లు తిప్పుకొని రమ్మన్నాడు, బ్రేకు మామూలుగా వాడుకుంటా. వచ్చినాక నాలుగు చక్రాల దగ్గరా చేతి వెనక భాగం పెట్టి చూసినాడు, తాకకుండా, బెత్తెడు దూరంలో. ఎడమ ముందుది పొయ్యి మాదిరి కొడతా ఉంది, కుడి ముందుది గోరువెచ్చగా ఉంది. వేలితో రెండు నీళ్ల చుక్కలు ఇనుప రిమ్ము మీద చిలకరించినాడు, చుయ్యిమన్నాయి. చెంబుతో నీళ్లు మాత్రం పోయొద్దన్నాడు. కాగిన డిస్కు మీద నీళ్లు పడితే వంకర పోతుందంట. ఇంకో మాట. ముందు చక్రాలు వెనక వాటికంటే ఎక్కువ వేడెక్కడం మామూలే, ఆపే బరువంతా ముందుకే పడుతుంది కాబట్టి. హార్స్‌లీ హిల్స్ దిగి వచ్చినామంటే నాలుగూ కాలతాయి. అందుకే ముందుదాన్ని ముందుదాంతోనే, ఎడమను కుడితోనే పోల్చి చూడాల.

రెండోది, చక్రం పైకెత్తి తిప్పి చూడడం. బండి చదును నేల మీద ఉండాల, మిగిలిన చక్రాలకు ముందూ వెనకా రాళ్లు పెట్టాల, జాకీ ఒక్కదాన్నే నమ్ముకొని కిందికి దూరకూడదు, స్టాండు వేయాల. భాయ్ ఈ మాట మూడు సార్లు చెప్పినాడు. న్యూట్రల్లో పెట్టి కుడి చక్రం తిప్పితే సన్నగా రాసుకుంటా తిరిగింది. ఆ మాత్రం రాపిడి డిస్కు బ్రేకుకు ఉంటుంది. ఎడమది రెండు చేతులా తిప్పినా కదల్లేదు. బేరింగు పోయినా చక్రం వేడెక్కుతుంది, కానీ అప్పుడు హూం అని శబ్దం వస్తుంది, పట్టుకొని ఊపితే ఆడుతుంది. ఇక్కడ అవి లేవు.

మూడోది, ఏ చక్రం అనేదాన్ని బట్టి దారి మారుతుంది. వెనక చక్రం పట్టేస్తే ముందు హ్యాండ్ బ్రేక్ కేబుల్‌ను అనుమానించాల. తుప్పుపట్టి లోపలే ఇరుక్కుంటుంది, లివర్ దించినా అది వదలదు. తర్వాత డ్రమ్ములో షూ స్ప్రింగులు, వీల్ సిలిండరు. మనం వానాకాలంలో హ్యాండ్ బ్రేక్ లాగి పది రోజులు షెడ్డులో పెట్టేస్తాం చూడండి, అప్పుడు లైనింగు డ్రమ్ముకే అతుక్కుంటుంది. ఊరికే నిలిపేటప్పుడు గేర్లో పెట్టి టైరుకు రాయి వేస్తే చాలు. ఒక్క చక్రం కాకుండా అన్నీ పట్టేస్తా ఉంటే పైన మాస్టర్ సిలిండరు, పెడల్ దగ్గర ఆట లేకపోవడం చూడాల. ఇంకా ఒక పని ఉంది, మన ఇళ్లల్లో జరిగేదే. బ్రేకు ఆయిల్ డబ్బాలో తక్కువుంటే చేతికి దొరికిన ఇంజను ఆయిలు పోసేస్తాం. ఆ ఆయిలు తగిలితే లోపలి రబ్బర్లు ఉబ్బి అన్నీ పట్టేస్తాయి. అప్పుడు రబ్బరన్నది ప్రతిదీ మార్చాల్సిందే.

నాది ముందు చక్రం, ఒక్కటే. కాబట్టి అనుమానం మూడింటి మీద. క్యాలిపర్‌లో పిస్టన్ పట్టేయడం, క్యాలిపర్ జరిగే పిన్నులు తుప్పు పట్టడం, లేదా హోస్ పైపు.

నాలుగోది అసలు పరీక్ష. చక్రం పట్టేసి ఉండగానే క్యాలిపర్ వెనక ఉండే బ్లీడర్ నిప్పిల్‌ను చిన్న స్పానరుతో పావు తిప్పు వదులు చేసినాడు. కళ్లకు అద్దాలు పెట్టుకొని, నన్ను పక్కకు పొమ్మని. ఆయిలు చిమ్మింది. చక్రం చేత్తో తిప్పితే తిరిగింది!

"చూసినావా సామీ. పిస్టనో, పిన్నో తుప్పుపట్టి ఉంటే ఆయిలు వదిలినా చక్రం తిరగదు. తిరిగిందంటే లోపల ఆయిలు ప్రెషరు నిలిచిపోతా ఉంది. కాలు తీసినా ఆయిలు వెనక్కి పోవడం లేదు."

అంటే నేను మూడు వేలు పెట్టి బాగుచేయించిన క్యాలిపర్ తప్పు లేదు. మరి ఆ ప్రెషరును ఎవరు ఆపుతా ఉండారు? పైన మాస్టర్ సిలిండరా, మధ్యలో హోసా?

దానికి ఐదో పరీక్ష. నిప్పిల్ బిగించి, నన్ను బ్రేకు నాలుగు సార్లు తొక్కమన్నాడు. చక్రం మళ్లీ పట్టేసింది. ఈసారి నిప్పిల్ ముట్టుకోలేదు. పైనుంచి వచ్చే ఇనుప పైపు హోసుకు కలిసే చోట నట్టు వదులు చేసినాడు. కొంచెం ఆయిలు కారింది. చక్రం కదల్లేదు. మాస్టర్ సిలిండరు ఆపుతా ఉంటే ఇక్కడ వదులు చేయగానే చక్రం తిరగాల. తిరగలేదంటే ఆపేది ఈ నట్టుకూ క్యాలిపర్‌కూ మధ్యలో ఉన్నదే. మధ్యలో ఉన్నది జానెడు పొడుగు రబ్బరు హోసు ఒక్కటే.

హోసు విప్పి నా చేతికిచ్చినాడు. పైకి చూస్తే ఏమీ లేదు, సన్నటి బీటలు తప్ప. బ్లేడుతో కోసి చూపించినాడు. లోపలి రబ్బరు ఉబ్బి, ఒక పక్క పొర లేచి నాలుక మాదిరి ఉంది. మనం బోరులో ఎన్నార్వీ వాల్వు వేస్తాం కదా, నీళ్లు పైకి పోతాయి, వెనక్కి రావు. అచ్చం అదే. కాలితో తొక్కితే ఆ బలానికి ఆయిలు నాలుకను తోసుకొని పోతుంది. కాలు తీస్తే వెనక్కి లాగే బలం చాలదు. డిస్కు బ్రేకులో పెద్ద స్ప్రింగేమీ ఉండదు. పిస్టన్ చుట్టూ ఉండే రబ్బరు రింగు కొద్దిగా మెలిపడి, తిరిగి సర్దుకునేటప్పుడు పిస్టన్‌ను వెంట్రుక వాసి వెనక్కి లాగుతుంది, అంతే. ఆ బలానికి మూసుకున్న దారి తెరుచుకోదు. చాలాసేపు ఆగితే ఆయిలు మెల్లగా ఊరి వెనక్కి పోతుంది. చింత చెట్టు కింద ముప్పావు గంటకు బండి బాగైంది అందుకే.

మరి పెడల్ మెత్తగా ఎందుకు పోయింది? దానికీ కారణం చెప్పినాడు. బ్రేకు ఆయిలు గాలిలోని తేమను పీలుస్తుంది. డాట్ 3 రకం కొత్త ఆయిలైతే కనీసం 205 డిగ్రీల దాకా మరగదు. తేమ పట్టినాక 140 డిగ్రీల దగ్గరే మరగొచ్చు. నా బండిలో ఆయిలు ఎన్నేళ్లదో ఎవరికీ తెలియదు, కాఫీ డికాషన్ రంగులో ఉండింది. చక్రం కాలి, ఆ వేడికి ఆయిలు మరిగి ఆవిరి బుడగలు లేచినాయి. నీళ్లను ఎంత నొక్కినా అణగవు, ఆవిరిని నొక్కితే అణుగుతుంది. కాలు కిందికి పోయింది అందుకే. పలమనేరు దాటి మొగిలి ఘాట్ దిగేటప్పుడు ఇదే జరిగి ఉంటే? పాప వెనక సీట్లో ఉండగా? నేను ఆ షెడ్డులో స్టూలు మీద కూర్చుండిపోయినాను.

రెండు వైపులా హోసులు మార్చినాము, ఎడమది పోతే కుడిదానికీ అదే వయసు కాబట్టి. పాత ఆయిలంతా తీసి, నాలుగు చక్రాలకూ గాలి తీసి, సీలు విప్పని కొత్త డబ్బా పోసినాడు. కాలిన ఎడమ ప్యాడ్లు గట్టిపడి మెరుస్తా ఉన్నాయని ముందు రెండు వైపులా జత మార్చమన్నాడు, మార్చినాను. హోసులూ ఆయిలూ కూలీ కలిపి పద్నాలుగు వందలు, ప్యాడ్లు వేరే. అంతకు ముందు నేను పారేసింది దాదాపు ఆరు వేలు. ఇంకో జాగ్రత్త చెప్పినాడు. ప్యాడ్లు మార్చేటప్పుడు క్యాలిపర్‌ను హోసుకు వేలాడదీయనీయొద్దు, తీగ పెట్టి కట్టమనాల, లేదంటే హోసు లోపల చీలుతుంది. బ్రేకు ఆయిలు రెండేళ్లకొకసారి మార్చాల. దుమ్మును నోటితో ఊదొద్దు.

ఇంతా చూసినాక నాకు ఒకటి అర్థమైంది. నేను తోటలో ఇట్ల చేయను. ఆకు ముడత వస్తే ముందు తిరగేసి చూస్తాను, తెల్లదోమా, తామర పురుగా, లేక నీళ్లు ఎక్కువై వేరు ఉక్కిరిబిక్కిరి అవుతా ఉందా అని. చూడకుండా మందు కొట్టేవాణ్ణి చూస్తే నాకు కోపం. మోటారు ట్రిప్ అయితే స్టార్టరు, కేబులు, మోటారు, ఒకదాని తర్వాత ఒకటి చూస్తాం గానీ, ఎత్తుకోగానే బోరు ఎండిందని ఏడవము. మరి బండి దగ్గరికి వచ్చేసరికి, కొడుకు దగ్గరికి వచ్చేసరికి, నేను చేసింది చూడకుండా మందు కొట్టడమే. మొదటి రోజే చక్రం మీద చెయ్యి పెట్టి చూసి ఉంటే సరిపోయేది. దానికి పానా కూడా అక్కర్లేదు.

ఆ రాత్రి కోసిన హోసు ముక్కను కాగితంలో చుట్టి ఇంటికి తీసుకపోయినాను. వాడు భోంచేస్తా ఉంటే పక్కన పెట్టినాను. "ఇది రా, మైలేజి తిన్నది. నువ్వు కాదు. నలుగురిలో అన్నాను, తప్పు నాది" అన్నాను. వాడు ముక్క తిప్పి తిప్పి చూసి, మళ్లీ అన్నం తినడం మొదలుపెట్టినాడు. ఏమీ అనలేదు. ఆ చూడ్డానికి వచ్చినాయన ఇంటికి కూడా పోయి ఉన్నది ఉన్నట్టు చెప్పి వచ్చినాను. సంబంధం కుదురుతుందో లేదో అది వాళ్ల ఇష్టం. మాట మాత్రం వెనక్కి తీసుకోవాల్సింది నేనే కదా.

తాళం ఇంకో పది రోజులు దేవుడి గూట్లోనే ఉండింది. ఒకరోజు తెల్లవారుజామున బండి శబ్దం వినిపించి లేచినాను. క్రేట్లు అయిపోతే తెచ్చేదానికి వాడు మదనపల్లెకు పోయినాడంట, నన్ను లేపకుండా. ఎనిమిది గంటలకు తిరిగొచ్చినాడు. వాకిట్లో నిలిపితే బండి మెల్లగా జారబోయింది, పరిగెత్తి రాయి పెట్టినాను. వాడు దిగి, ఎడమ చక్రం దగ్గర వంగి చెయ్యి పెట్టి చూసినాడు. తర్వాత కుడి పక్కకు పోయి అక్కడ కూడా చూసినాడు.

"రెండూ ఒకటే మాదిరి ఉండాయి నాయనా" అన్నాడు.

మూడు నెలల తర్వాత వాడు నాతో తనంతట తాను మాట్లాడిన మొదటి మాట అది. నోటుబుక్కులో ఆ రోజు తేదీ కింద మైలేజి లెక్క రాసే పని వాడికే ఇచ్చినాను. పదిహేడు చిల్లర వచ్చింది.

ఈ పొద్దు మీరు బండి తీసి ఎక్కడికన్నా పోయి వస్తే, దిగినాక లోపలికి పోకముందు నాలుగు చక్రాల దగ్గరా ఒకసారి చెయ్యి పెట్టి చూడండి. ఒక్క నిమిషం పని. ఉంటాను మరి.